విలేజ్ క్లినిక్‌లో ఉద్యోగం చేస్తూ పీహెచ్‌డీ: ఎక్కడ, ఎలా, ఏ టాపిక్ మీద?

ప్రశ్న: నేను నెల్లూరు జిల్లా ఉదయగిరి వైపు ఒక విలేజ్ హెల్త్ క్లినిక్‌లో కాంట్రాక్టు మీద ఎంఎల్‌హెచ్‌పీగా (మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్) పనిచేస్తున్నాను. బీఎస్సీ నర్సింగ్ తర్వాత రెగ్యులర్‌గా రెండేళ్ల ఎంపీహెచ్ (మాస్టర్ ఆఫ్ పబ్లిక్ హెల్త్) చేశాను, 58 శాతం వచ్చింది. వయసు 31, ఓబీసీ. మూడేళ్ల పాప ఉంది. జీతం 25 వేలు, ఇన్సెంటివ్ వేరే. హెల్త్ సిస్టమ్స్ అండ్ పాలసీలో పీహెచ్‌డీ చేయాలని ఉంది. ఉద్యోగం వదలకుండా కుదురుతుందా? నెట్ (జాతీయ అర్హత పరీక్ష) తప్పనిసరా? 'గ్రామీణ ప్రజల ఆరోగ్య స్థితిగతులు – ఒక అధ్యయనం' అని టాపిక్ అనుకున్నాను. నెల్లూరులో ఒక కన్సల్టెన్సీ వాళ్లు వేరే రాష్ట్రంలోని యూనివర్సిటీలో సీటు, థీసిస్ అన్నీ కలిపి మూడున్నర లక్షలకు చూసిపెడతామంటున్నారు. అక్కడికి పోనక్కర్లేదట. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీరు ఉద్యోగం, నెట్, టాపిక్ అన్న వరసలో అడిగారు. మేము టాపిక్ దగ్గర మొదలుపెడతాం. ఎందుకంటే మిగతావి నోటిఫికేషన్ చదివితే తెలిసిపోతాయి, ఇది మాత్రం ఎవరూ చెప్పరు.

'గ్రామీణ ప్రజల ఆరోగ్య స్థితిగతులు' అని సినాప్సిస్ (పరిశోధన ప్రతిపాదన) పంపితే ఏ గైడూ రెండో పేజీ తిప్పరు. అందులో ప్రశ్న లేదు. ఏ గ్రామం, ఎవరి ఆరోగ్యం, దేంతో పోల్చి చూస్తారు అన్నవేవీ తేలవు. దాన్ని కుదించినా చివరికి మిగిలేది రోగాల లెక్క, అది ఎపిడెమియాలజీ వాళ్ల పని. ఆరోగ్య వ్యవస్థల పరిశోధన ఇంకోలా అడుగుతుంది. మందు ఉంది, మనిషి ఉంది, జీవో ఉంది, అయినా పని ఎందుకు జరగడం లేదు? ఒక ఊళ్లో జరిగేది పక్క ఊళ్లో ఎందుకు ఆగిపోయింది? పైన రాసిన నిర్ణయం కింద అమలయ్యేసరికి ఎవరి చేతిలో ఎలా మారింది?

తేడా ఏంటో మీ జిల్లా సంగతితోనే చూపిస్తాం. నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్ (నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లూ ఎముకలూ పాడయ్యే జబ్బు) ఉందని షార్ట్, పండిట్, రాఘవాచారి అనే ముగ్గురు 1937లోనే ఇండియన్ మెడికల్ గెజిట్‌లో రాశారు. అప్పటికి పొదిలి, కనిగిరి, దర్శి కూడా నెల్లూరు జిల్లాలోవే. ప్రకాశం ఏర్పడింది 1970లో. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే నీళ్లు లేనప్పుడు 1.5 దాకా పర్వాలేదని భారత ప్రమాణాల సంస్థ గీత గీసింది. కేంద్రం 2008-09లో ఫ్లోరోసిస్ నివారణ కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు తొలి విడత జిల్లాల్లో నెల్లూరు ఉంది. అంటే జబ్బు తెలుసు, కారణం తెలుసు, కొలత ఉంది, కార్యక్రమమూ ఉంది. ఇప్పుడు మళ్లీ 'ఎంతమందికి పళ్లు గారపట్టాయి' అని లెక్కపెడితే అది ఇంకో సర్వే అవుతుంది, అంతే. వ్యవస్థల వైపు నుంచి చూసేవాళ్లు అడగాల్సింది ఇది: నీళ్లు గ్రామీణ నీటి సరఫరా విభాగానివి, పళ్లూ ఎముకలూ వైద్యశాఖవి, ఆర్‌ఓ ప్లాంటు పంచాయతీదో దాత కట్టించిందో; మరి అందులో నీళ్లు వడకట్టే మెంబ్రేన్ పోయిన రోజు ఆ బిల్లు ఎవరి పద్దులో రాస్తారు? ఈ ఒక్క ప్రశ్న పట్టుకుని నాలుగు ఊళ్లు తిరిగితే మూడేళ్ల పని ఉంటుంది.

మీరు అంత దూరం పోనక్కర్లేదు. మీ బల్ల మీదే బీపీ, షుగరు వాళ్ల రిజిస్టరు ఉంటుంది. అందులో గత మూడు నెలలూ వరసగా బిళ్లలు తీసుకెళ్లిన పేర్లు ఎన్నో లెక్కపెట్టండి. మిగతావాళ్లు మందు మానేశారా, లేక ఆర్‌ఎంపీ దగ్గరో మెడికల్ షాపులోనో కొంటున్నారా? ఊరికే ఇచ్చే బీపీ బిళ్ల ఆమ్లోడిపిన్ వీధి చివర ఉండగా డబ్బులు పెట్టి ఎందుకు కొంటున్నారు?

దీనికి మీ దగ్గర ఇప్పటికే ఒక జవాబు ఉండి ఉంటుంది. స్టాకు సరిగా రాదనో, 104 బండి వచ్చిన రోజు తప్ప డాక్టరు కనపడరనో, పొలం పనుల వేళకూ క్లినిక్ వేళకూ పొత్తు కుదరదనో. ఆ జవాబు నిజమే కావచ్చు. కానీ పీహెచ్‌డీలో అది కూడా పరీక్షకు నిలబడాల్సిన ఒక మాట మాత్రమే. పీహెచ్‌సీ ఫార్మసిస్టును అడిగితే 'వాళ్లు ఇండెంటు (కావాల్సిన మందుల పట్టీ) సరిగా పెట్టరు' అంటారు. జిల్లా మందుల గోడౌన్ వాళ్లను అడిగితే వాళ్ల చేతికి ఎంత వచ్చిందో ఆ కాగితం చూపిస్తారు. రోగిని అడిగితే మందు మాటే ఎత్తకుండా ఇంకేదో చెప్తారు. ఈ నాలుగు మాటలూ ఎక్కడ కలుస్తాయో, ఎక్కడ తెగిపోతాయో చూపించడమే మీ థీసిస్.

అప్పుడు టాపిక్ ఇలా తయారవుతుంది: 'ఉదయగిరి, సీతారామపురం, వరికుంటపాడు మండలాల్లో విలేజ్ క్లినిక్‌లలో నమోదైన బీపీ, షుగరు రోగులు మందుల కోసం ప్రైవేటుకు ఎప్పుడు, ఎందుకు మళ్లుతున్నారు, అందులో మందుల సరఫరా, డాక్టరు పర్యటన, సిబ్బంది రోజువారీ నిర్ణయాల పాత్ర ఏమిటి?' పొడుగ్గానే ఉంది, పర్వాలేదు. దీన్నుంచి పని మూడు పాయలుగా వస్తుంది. మొదటిది కాగితాల పని. మండలానికి నాలుగు చొప్పున 12 క్లినిక్‌లు తీసుకోండి. ఆ నాలుగింటిలో రెండు పీహెచ్‌సీకి దగ్గరవి, రెండు బస్సు సరిగా పోని ఊళ్లవి అయి ఉండాలి. పన్నెండు నెలల స్టాకు రిజిస్టర్లు చూసి ఆమ్లోడిపిన్, షుగరు బిళ్ల మెట్‌ఫార్మిన్ నిల్వ సున్నా అయిన రోజులు లెక్కగట్టండి. నెలాఖరు నిల్వ ఒక్కటే చూస్తే మోసపోతారు. పదో తేదీన అయిపోయి ఇరవై తొమ్మిదిన వచ్చిన మందు నెలాఖరుకి నిండుగా కనిపిస్తుంది. రెండోది ఇంటర్వ్యూలు. రోగులు, ఆశాలు, ఏఎన్‌ఎంలు, ఫార్మసిస్టులు, ఆర్‌ఎంపీలు, అధికారులు అందరూ కలిపి 30-35 మంది చాలు. కొత్త సంగతి రావడం ఆగిపోయేదాకా అన్నది అసలు కొలత. ఆర్‌ఎంపీలను వదిలేయకండి. చాలామంది వదిలేస్తారు, థీసిస్ అక్కడే కుంటిదైపోతుంది. మూడోది జీవోలు, సర్క్యులర్లు, బడ్జెట్ పద్దులు. దొరకని కాగితానికి సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. జవాబు 30 రోజుల్లో రావాలి.

సిద్ధాంత చట్రం గురించి గైడ్ తప్పకుండా అడుగుతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో చెప్పిన ఆరు విభాగాలు మీకు ఎంపీహెచ్‌లో వచ్చే ఉంటాయి: సేవలు, సిబ్బంది, సమాచారం, మందులూ పరికరాలూ, నిధులు, పాలన. చిక్కేంటంటే, వాటిని ఆరు డబ్బాలుగా గీసి ఒక్కోదాంట్లో నాలుగు లైన్లు నింపి తెచ్చేవాళ్లే ఎక్కువ. అది సరుకుల పట్టీలా తయారవుతుంది. డబ్బాకీ డబ్బాకీ మధ్య ఏం నడుస్తోందన్నదే వ్యవస్థ. మీ ప్రశ్నకు గిల్ వాల్ట్, లూసీ గిల్సన్ 1994లో చెప్పిన విధాన త్రికోణం బాగా అతుకుతుంది: విధానంలో ఏముంది, ఏ పరిస్థితుల్లో వచ్చింది, ఎలా నడిచింది, మధ్యలో మనుషులు ఎవరు. ఇంకా దగ్గరగా రావాలంటే మైకేల్ లిప్స్కీ 1980లో చెప్పిన మాట ఉంది: ప్రజలకు ఎదురుగా కూర్చునే చిన్న ఉద్యోగి చేసే పనే వాస్తవంలో ప్రభుత్వ విధానం. వరసలో ఇరవై మంది ఉండి బిళ్లలు పదిమందికి సరిపడా ఉన్నప్పుడు, నెలకు బదులు పదిహేను రోజులకే ఇచ్చి అందరినీ సర్దిపంపుతారు చూడండి, అదీ విధానమే. జీవోలో రాసి ఉండదు. ఒక్క చట్రాన్నే తీసుకోండి. నాలుగు చట్రాలు కలిపి కొత్తది కట్టాలనే సరదా రెండో ఏడాదికి తీరిపోతుంది.

ఇక అర్హత. యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2022 నవంబరులో తెచ్చిన పీహెచ్‌డీ నిబంధనలే ఇప్పుడు ప్రమాణం. పీజీలో 55 శాతం కావాలి, ఓబీసీ నాన్ క్రీమీలేయరుకు 50. మీకు 58 ఉంది కాబట్టి ఆ గొడవే లేదు. ఎంఫిల్ రద్దయింది, అది చేసి రమ్మని ఎవరైనా అంటే నమ్మకండి. దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో పీహెచ్‌డీ చెల్లదు. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ వాళ్ల నేషనల్ కన్సార్టియం పీహెచ్‌డీ మీకు పనికిరాదు, దానికి ఎమ్మెస్సీ నర్సింగ్ ఉండాలి.

పార్ట్‌టైమ్ సంగతి కాస్త నిదానంగా చూడాలి. నిబంధనలు ఒప్పుకుంటాయి, కానీ మీ ఆఫీసు నుంచి ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం) అడుగుతాయి. 'అభ్యంతరం లేదు' అన్న ఒక్క వాక్యం చాలదు. పార్ట్‌టైమ్‌గా చదువుకోవడానికి అనుమతిస్తున్నామని, ఆమె డ్యూటీలు పరిశోధనకు తగినంత సమయం ఇస్తాయని, కోర్సువర్కు (మొదట్లో క్లాసులో చదివే పేపర్లు) కోసం అవసరమైతే రిలీవ్ చేస్తామని ముక్కలు ముక్కలుగా రాసి ఉండాలి. ఆఫీసుల్లో పాత ఎన్‌ఓసీ నమూనా ఒకటి ఉంటుంది, పాస్‌పోర్టుకు ఇచ్చేది. దానిమీద పేరు మార్చి ఇస్తారు, యూనివర్సిటీ తిప్పి పంపుతుంది. అందుకని మాటలు మీరే టైపు చేయించుకుని డీఎంహెచ్‌ఓ (జిల్లా వైద్య ఆరోగ్య శాఖాధికారి) ఆఫీసుకు పట్టుకెళ్లండి. మీది కాంట్రాక్టు కాబట్టి ఇంకో మెలిక ఉంది: కొన్ని యూనివర్సిటీలు పార్ట్‌టైమ్‌కు ఇన్నేళ్ల సర్వీసు ఉండాలని, రెగ్యులర్ ఉద్యోగే కావాలని పెడతాయి. దరఖాస్తు ఫీజు కట్టకముందే ఆ పేరా వెతకండి.

కోర్సువర్కు 12 నుంచి 16 క్రెడిట్లు. రీసెర్చ్ మెథడాలజీ, పబ్లికేషన్ ఎథిక్స్ అందులో ఉంటాయి. దీనికి క్లాసులో కూర్చోవాలి. అంటే పార్ట్‌టైమ్ అయినా కనీసం ఒక సెమిస్టరు క్లినిక్‌కు ఎవరినో పెట్టాల్సి వస్తుంది. ఇంట్లో పాపను ఎవరు చూస్తారన్నది కూడా ఇప్పుడే తేల్చుకోండి. కాలం విషయంలో మీకు కొంత వెసులుబాటు ఉంది. కనీసం మూడేళ్లు, గరిష్ఠం ఆరు. రీరిజిస్ట్రేషన్‌తో ఇంకో రెండు. మహిళలకు ఆపైన మరో రెండు. మధ్యలో ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు 240 రోజుల దాకా తీసుకోవచ్చు. పదేళ్లు ఉన్నాయి కదా అని మాత్రం అనుకోకండి. ఆరో ఏడాదికి గైడ్ మారిపోతారు, పథకం పేరు మారిపోతుంది, మీరు సేకరించిన లెక్కలు పాతబడతాయి.

ఉద్యోగం వదలకూడదన్న మీ షరతునే ఒకసారి తిరగేసి చూడమంటాం. జేఆర్‌ఎఫ్ (నెట్‌లో పై అంచె వాళ్లకిచ్చే పరిశోధన ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37 వేలు, తర్వాత 42 వేలు, ఇంటద్దె వేరే. ఇది ఫుల్‌టైమ్ వాళ్లకే. మీ జీతం కంటే అది ఎక్కువ. అయితే కాంట్రాక్టు వదిలితే తిరిగి అదే కుర్చీ దొరుకుతుందన్న హామీ ఏమీ ఉండదు, అయిదేళ్ల తర్వాత ఫెలోషిప్ ఆగిపోతుంది. మా సలహా అడిగితే, జేఆర్‌ఎఫ్ వస్తే ఫుల్‌టైమ్, రాకపోతే పార్ట్‌టైమ్. ఫెలోషిప్ లేని ఫుల్‌టైమ్‌కు చిన్నపిల్ల తల్లి పోవద్దు. కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో నెట్ లేనివాళ్లకు నెలకు 8 వేలు ఇస్తారు, అది హాస్టల్ మెస్సుకే చాలదు.

నెట్ తప్పనిసరి కాదు గానీ రాయండి. సబ్జెక్టు పేరు సోషల్ మెడిసిన్ అండ్ కమ్యూనిటీ హెల్త్, కోడ్ 82. జూన్‌లో ఒకసారి, డిసెంబరులో ఒకసారి. పేపర్ 1లో 50 ప్రశ్నలు 100 మార్కులకు, పేపర్ 2లో 100 ప్రశ్నలు 200 మార్కులకు, మొత్తం మూడు గంటలు, నెగటివ్ మార్కులు లేవు. కాబట్టి ఒక్క ప్రశ్న కూడా ఖాళీ వదలొద్దు. 2024 జూన్ నుంచి ఫలితం మూడు అంచెల్లో వస్తోంది: జేఆర్‌ఎఫ్, అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హత, పీహెచ్‌డీ ప్రవేశానికి మాత్రం అర్హత. కింది రెండు అంచెల వాళ్లకు ఆ మార్కులు 70 శాతం, ఇంటర్వ్యూ 30 శాతం చూస్తారు. ప్రవేశానికి ఆ స్కోరు ఏడాదే చెల్లుతుంది. జేఆర్‌ఎఫ్‌కు వయోపరిమితి 30 అని చూసి బెంబేలు పడకండి, మహిళలకూ ఓబీసీలకూ అయిదేళ్ల సడలింపు ఉంది. బీసీ సర్టిఫికెట్ దగ్గర మాత్రం జాగ్రత్త. తహసీల్దారు మామూలుగా ఇచ్చే రాష్ట్ర బీసీ పత్రం ఇక్కడ చెల్లదు. కేంద్ర నమూనాలో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ పత్రం కావాలి. మీ కులం కేంద్ర జాబితాలో ఉందో లేదో ముందు చూడండి. రాష్ట్ర జాబితాలో ఉండి కేంద్రంలో లేనివి ఉన్నాయి.

రాష్ట్ర యూనివర్సిటీలకు ఏపీఆర్‌సెట్ (రాష్ట్ర పీహెచ్‌డీ ప్రవేశ పరీక్ష) దారి. కాకుటూరులో విక్రమ సింహపురి, ఒంగోలులో ఆంధ్రకేసరి మీకు దగ్గర. దగ్గర అన్న ఒక్క కారణంతో చేరకండి. మీ టాపిక్ చదివి 'ఇక్కడ తప్పు' అని చెప్పగలిగిన గైడ్ ఉన్నారా అన్నది చూడండి. సోషల్ వర్క్, ఎకనామిక్స్, పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ శాఖల్లో ఆరోగ్యం మీద పనిచేసినవాళ్లు దొరకొచ్చు, అప్పుడు ఎంపీహెచ్‌ను అనుబంధ పీజీగా ఒప్పుకుంటారో లేదో నోటిఫికేషన్‌లో చూసుకోవాలి. ఈ రంగానికే పేరున్నవి దూరంగా ఉన్నాయి: తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థలోని అచ్యుత మీనన్ సెంటర్, ముంబైలో టిస్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్) వాళ్ల స్కూల్ ఆఫ్ హెల్త్ సిస్టమ్స్ స్టడీస్, ఢిల్లీ జేఎన్‌యూలో సోషల్ మెడిసిన్ సెంటర్, చండీగఢ్ పీజీఐ. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) సంస్థల్లో ఏసీఎస్‌ఐఆర్ అనే అకాడమీ ద్వారా పీహెచ్‌డీ చేయొచ్చు.

గైడ్‌కు మెయిల్ రాసేముందు ఇంకో లెక్క. ప్రొఫెసరు దగ్గర ఒకేసారి ఎనిమిది మంది, అసోసియేట్ దగ్గర ఆరుగురు, అసిస్టెంట్ దగ్గర నలుగురికి మించి ఉండకూడదు. రిటైర్మెంటుకు మూడేళ్ల లోపు ఉన్నవాళ్లు కొత్తవాళ్లను తీసుకోకూడదు. పెద్ద పేరున్న ప్రొఫెసరుకు రాసి ఆర్నెల్లు ఎదురుచూసేవాళ్లు ఈ రెండూ చూసుకోరు. మెయిల్ 200 మాటలు దాటొద్దు. వాళ్లవి ఈ మధ్య వచ్చిన రెండు పేపర్లు చదివి, అందులో ఏ మాట మీ క్లినిక్‌లో నిజమనిపించిందో, ఏది పొసగలేదో రెండు వాక్యాలు రాయండి. తర్వాత మీ ప్రశ్న. తర్వాత 'ఈ ఏడాది మీ దగ్గర ఖాళీ ఉందా?' అని సూటిగా. వెంట రెండు పేజీల నోటు జతచేయండి. 'రెస్పెక్టెడ్ సర్, ఐ యామ్ వెరీ ఇంటరెస్టెడ్' అని నలభై మందికి ఒకటే పంపితే అది ఇట్టే పట్టుబడుతుంది.

చేరాక మొదటి దెబ్బ అనుమతుల దగ్గర తగులుతుంది. యూనివర్సిటీ ఎథిక్స్ కమిటీ ఒప్పుకోకముందు ఒక్క ఇంటర్వ్యూ కూడా చేయకండి. చేసిన పనికి తర్వాత అనుమతి తెచ్చుకునే పద్ధతి లేదు, ఆ డేటా పారేయాల్సిందే. ఆరోగ్య శాఖ అనుమతి వేరే. పీహెచ్‌సీ డాక్టరు డీఎంహెచ్‌ఓను అడగమంటారు, డీఎంహెచ్‌ఓ పైనుంచి ఉత్తర్వు తెమ్మంటారు. కాబట్టి మొదటే రాష్ట్ర ప్రజారోగ్య డైరెక్టరేట్‌కు దరఖాస్తు పెట్టి, దాని నకలు జిల్లాకు పంపండి. ఏ రిజిస్టరు, ఏ నెల నుంచి ఏ నెల దాకా, పేర్లు తీసేసిన నకలా అన్నది అందులో రాయండి. 'డేటా సేకరణకు' అని ఊరికే రాస్తే స్టాకు రిజిస్టరు ఇవ్వడానికి భయపడతారు.

మీ సొంత క్లినిక్‌ను పరిశోధనలోంచి తీసేయండి. మీ పేషెంటు మీ ముందు కూర్చుని 'నేను ఆర్‌ఎంపీ దగ్గరికే పోతున్నా' అనలేరు, ఒప్పుకోను అని కూడా అనలేరు. రేపు మళ్లీ బిళ్లలకు మీ దగ్గరికే రావాలి. మీ ఆశాకూ అదే ఇబ్బంది. పక్క మండలంలో కూడా యూనిఫారం లేకుండా, 'ఈ మాటలు మీ క్లినిక్ వాళ్లకు చేరవు' అని ముందే చెప్పి కూర్చోవాలి. సమ్మతి పత్రం తెలుగులో ఉండాలి, పుస్తకాల తెలుగులో కాదు. 'పరిశోధనలో స్వచ్ఛందంగా భాగస్వామ్యం వహించుటకు' అని చదివితే పెద్దాయన తలూపుతారు, అర్థమై కాదు. 'మీకు ఇష్టమైతేనే చెప్పండి, వద్దనుకుంటే మధ్యలో లేచిపోవచ్చు, మీ మందులు ఆగవు' అని రాయండి.

భాష దగ్గర ఇంకో గొయ్యి ఉంది, అందులో చాలామంది పడతారు. ఇంటర్వ్యూలో ఒకామె ఇలా అన్నదనుకోండి: 'ఆడ బిళ్లలు ఉంటే ఉండాయి, లేకుంటే లేవు. ఈయనది హస్తవాసి మంచిది, ఒక్క సూదేస్తే తేలిగ్గుంటది.' దీన్ని ఇంగ్లిష్‌లోకి తెచ్చేటప్పుడు హస్తవాసిని 'ట్రస్ట్' అని రాసేస్తారు. అక్కడితో సంగతి చచ్చిపోయింది. హస్తవాసి అంటే నమ్మకం ఒక్కటే కాదు. ఆ మనిషి చేతిలోనే గుణం ఉందని, అదే మందు ఇంకొకరిస్తే పనిచేయదని. మీ క్లినిక్‌లో అదే కంపెనీ బిళ్ల ఉన్నా ఆమె ఎందుకు రాదో ఆ మాటలో ఉంది. అలాంటి మాటల్ని అలాగే ఉంచి పక్కన అర్థం రాయండి. ఇంటర్వ్యూలన్నీ తెలుగులోనే టైపు చేసి, తెలుగులోనే కోడింగ్ (ఒకే సంగతి చెప్పే మాటలకు ఒక గుర్తు పెట్టి విడదీయడం) చేసి, థీసిస్‌లో వాడే మాటల్ని మాత్రమే ఇంగ్లిష్‌లోకి మార్చండి. మార్చినవాటిలో కొన్నిటిని ఇంకొకరి చేత తిరిగి తెలుగులోకి రాయించి సరిచూసుకోండి. గంట ఆడియో టైపు చేయడానికి అయిదారు గంటలు పడుతుంది. ముప్పావుగంట చొప్పున 35 ఇంటర్వ్యూలంటే టైపింగ్ ఒక్కటే 130 నుంచి 158 గంటల దాకా పడుతుంది, దాన్ని టైమ్‌టేబుల్లో పెట్టకపోతే నాలుగో సెమిస్టరు మింగేస్తుంది. కోడింగ్‌కు టాగెట్, క్వాల్‌కోడర్ ఉచితం. ముందు ఒక పేజీ తెలుగు ఎక్కించి పరీక్షించుకోండి. రిఫరెన్సులకు జొటేరో ఉచితం. మొదటి రోజు నుంచే వాడండి, చివర్లో చేతితో పట్టీ రాయడం నరకం.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత లెక్కలు వాడేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. అది 2019-21 నాటిది, పాత జిల్లాల మీద జరిగింది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. అప్పుడు కందుకూరు నెల్లూరులో కలిసింది, గూడూరు తిరుపతికి పోయింది. ఆ సర్వేలో 'నెల్లూరు' అన్నదీ ఇప్పటి ఆఫీసు రిపోర్టులో 'నెల్లూరు' అన్నదీ ఒకే నేల కాదు. రెండూ పక్కపక్కన పెట్టి శాతం పెరిగింది, తగ్గింది అని రాసిన థీసిస్‌ను వైవాలో అక్కడే పట్టుకుంటారు.

పీహెచ్‌డీ వల్ల ఏం రాదో కూడా చెప్పాలి. కాంట్రాక్టు రెగ్యులర్ అవదు, ఎంఎల్‌హెచ్‌పీ జీతం పెరగదు. మెడికల్ కాలేజీలో కమ్యూనిటీ మెడిసిన్ ప్రొఫెసరు పోస్టుకు ఎండీ కావాలి, దీంతో ఆ తలుపు తెరుచుకోదు. పబ్లిక్ హెల్త్ కోర్సులున్న యూనివర్సిటీలు, పరిశోధన సంస్థలు, ఢిల్లీలోని జాతీయ ఆరోగ్య వ్యవస్థల వనరుల కేంద్రం లాంటివి, స్వచ్ఛంద సంస్థల ప్రాజెక్టులు: దారులు ఇవి. వీటిలో ఎక్కువ ఉద్యోగాలు నెల్లూరులో ఉండవు. ఇంట్లో ఈ మాట ఇప్పుడే అనుకోవడం మంచిది.

ఆఖరున కన్సల్టెన్సీ. మీరు అక్కడికి పోకుండా కోర్సువర్కు జరగదు, పరిశోధన సలహా కమిటీ ముందు నిలబడకుండా సెమిస్టరు దాటదు, వైవా లేకుండా డిగ్రీ రాదు. 'పోనక్కర్లేదు' అన్నారంటే ఈ మూడూ కాగితం మీద దొంగలెక్క రాస్తారని అర్థం. నిబంధనలు పాటించకుండా పీహెచ్‌డీలు ఇస్తున్నాయని రాజస్థాన్‌లోని మూడు ప్రైవేటు యూనివర్సిటీలను 2025-26 నుంచి 2029-30 దాకా పీహెచ్‌డీ ప్రవేశాలు చేయొద్దని యూజీసీ 2025 జనవరిలో ఆపేసింది. విదేశీ యూనివర్సిటీ పేరుతో ఎడ్‌టెక్ కంపెనీలు అమ్మే ఆన్‌లైన్ పీహెచ్‌డీలకు గుర్తింపు లేదని 2022 అక్టోబరులోనే చెప్పింది. రాసిచ్చే థీసిస్ సంగతి ఇంకా ఘోరం. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం వేరేవాళ్ల రాతతో పోలిక 10 శాతం దాటితే ఆర్నెల్ల లోపు తిరగరాయాలి, 40 దాటితే ఏడాది పాటు సమర్పించనివ్వరు, 60 దాటితే రిజిస్ట్రేషనే పోతుంది. ఆ కన్సల్టెన్సీ అదే థీసిస్ ఇంకెంతమందికి అమ్మిందో మీకు తెలియదు.

వాళ్లకు అడ్వాన్సు ఇంకా ఇవ్వకపోతే ఇవ్వకండి. 'వెరిఫికేషన్ కోసం' అని మీ ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకుని ఉంటే, ఈ వారంలోనే నెల్లూరు వెళ్లి ముందు అవి తెచ్చుకోండి. డబ్బు మాట తర్వాత ఎత్తండి.